ఇద్దరు, ఒక డేరా, బోలెడంత దారి

నెల్లూరు నుంచి తూర్పుకు తిరిగి, వరి మళ్ల మధ్యగా తోటపల్లి గూడూరు దాటి, రొయ్యల గుంటల పక్కనుంచి ఇంకాస్త ముందుకెళ్తే కోడూరు బీచ్ వస్తుంది. ఆదివారం సాయంత్రాల్లో ఇక్కడ జంటలు బాగా కనిపిస్తాయి. బండి ఆపిన చోటు నుంచి అలల దాకా నడిచి, కాళ్లు తడుపుకుని, ఫొటోలు దిగి, మొక్కజొన్న పొత్తు తిని తిరిగి వెళ్లిపోతారు. ఒడ్డు మాత్రం అక్కడితో అయిపోదు. ఉత్తరాన మైపాడు వైపు, దక్షిణాన కృష్ణపట్నం రేవు వైపు కంటికి ఆనినంత మేర ఇసుకే.

ఆ ఇసుక మీద ఆగకుండా నడిచేవాళ్లంటే నాకు ఎనలేని ఇష్టం. పగలంతా నడక, పొద్దుగూకితే డేరా, తెల్లవారితే మళ్లీ దారి. అందులోనూ ఆలుమగలు కలిసి అలా నడిస్తే ఆ సంగతులు వినడం మరీ ఇష్టం. అలాంటి జంటల గురించి, దారుల గురించి పోగుచేసిన విశేషాలివి.

ఒక దేశం చుట్టూ కాలిబాట

బ్రిటన్‌లోని వేల్స్ తన సముద్రతీరం మొత్తాన్నీ ఒకే నడకదారిగా కలిపింది. 2012 మే 5న ప్రారంభమైన ఆ దారి పొడవు సుమారు 1,400 కిలోమీటర్లు. తీరం పొడవునా నడకదారి ఉన్న మొదటి దేశం అదే. ఊరి సందుల్లోంచి, గొర్రెలు మేసే బీళ్లలోంచి, రేవుల పక్కనుంచి సాగే ఆ బాట మీద సెలవు దొరికినప్పుడల్లా కొంత కొంత నడిచి, ఏళ్ల తరబడి పూర్తిచేసుకునే దంపతులు ఉన్నారు.

మరి మన తీరం? ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లని బడిలో చదువుకున్నాం. ఈమధ్య కొత్తగా కొలిస్తే 1,053 అని తేలింది. ఏ లెక్క తీసుకున్నా వేల్స్ దారి కన్నా మనది చిన్నదే. ఇంత తీరం ఉండి కూడా, గుర్తులు పెట్టి ‘ఇటు నడవండి’ అని చూపించే దారి ఈ కొస నుంచి ఆ కొస దాకా మనకు లేదు.

రెండంగుళాల తెల్లగీత

గుర్తులు పెట్టడం ఖర్చుతో కూడిన పనేమీ కాదు. అమెరికా తూర్పు కొండల్లో సాగే అపలాచియన్ ట్రైల్ 14 రాష్ట్రాల మీదుగా 3,500 కిలోమీటర్లు పైగా వెళ్తుంది. అంత దూరమూ దారి చూపించేది చెట్ల మీద పూసిన తెల్ల రంగు గీతలే. వెడల్పు రెండంగుళాలు, పొడవు ఆరంగుళాలు. ఒకదాని మీద ఇంకొకటి రెండు గీతలు కనిపిస్తే ముందు మలుపుందని, జాగ్రత్తగా చూసుకోమని అర్థం. బెంటన్ మెకే అనే ఆయన 1921లో ఈ దారి ఊహను కాగితం మీద పెడితే, ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తలు పూనుకుని 1937కల్లా కొస నుంచి కొసకు కలిపారు. నేటికీ పొదలు కొట్టేదీ, గీతలకు కొత్త రంగు వేసేదీ ఎక్కువగా వాళ్లే.

ఈ దారిని ఒక్క దఫాలో మొత్తం నడిచిన మొదటి వ్యక్తిగా 1948లో ఎర్ల్ షాఫర్ పేరు నమోదైంది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడాయన. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల అవ్వ ఒంటరిగా నడిచేసింది. పదకొండు మంది పిల్లల తల్లి. ‘కాస్త నడిచొస్తా’ అని ఇంట్లో చెప్పి బయల్దేరింది. కాలికి మామూలు గుడ్డబూట్లు, భుజాన చేత్తో కుట్టుకున్న సంచి, వానకు తలదాచుకోవడానికి స్నానాల గదిలో కట్టే ప్లాస్టిక్ తెర! కొట్టే భర్తతో దశాబ్దాలు బతికి, విడాకులు తీసుకున్న మనిషి ఆమె. జంట నడకల గురించి రాస్తూ ఒంటరి అవ్వ ఎందుకంటే, తోడు మంచిదైతేనే దారి తీయనిదవుతుంది. లేకపోతే ఒంటరి నడకే మేలు.

గొడుగు పట్టుకుని నడిచిన దంపతులు

ఇరవై కిలోల సంచీ మోస్తేనే దూర ప్రయాణం అనుకునే రోజుల్లో, ఆ ఆలోచననే మార్చేసినవాళ్లు రే జార్డైన్, జెన్నీ జార్డైన్. ఆయన అంతరిక్ష రంగంలో ఇంజినీరు. కొండలెక్కేవాళ్లు రాతి చీలికల్లో బిగించుకునే ‘ఫ్రెండ్స్’ అనే సాధనాన్ని కనిపెట్టింది ఆయనే. ఈ ఇద్దరూ మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా 4,265 కిలోమీటర్ల పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్‌ను 1987లో, 1991లో, 1994లో, మొత్తం మూడుసార్లు నడిచారు.

ప్రతి నడకకూ బరువు తగ్గించుకుంటూ పోయారు. సంచులు, దుప్పట్లు ఇంట్లోనే కుట్టుకున్నారు. డేరాకు బదులు నాలుగు మూలలా లాగి కట్టే పలచటి టార్పాలిన్. బరువైన బూట్లకు బదులు మామూలు పరుగు జోళ్లు. ఎడారిలో ఎండకు, కొండల్లో వానకు గొడుగు! చివరి నడక నాటికి తిండి, నీళ్లు తీసేస్తే ఒక్కొక్కరి సంచి బరువు నాలుగు కిలోల చుట్టుపక్కలకు వచ్చిందంటారు. ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునే ‘తేలిక నడక’ ఉద్యమానికి ఈ జంట అనుభవంతో 1992లో వచ్చిన పుస్తకమే మూలం. నెల్లూరు ఎండ తెలిసినవాళ్లెవరూ గొడుగు సంగతిని కొట్టిపారేయరు.

జంటకు ఇంకో లాభముంది. ఒకే డేరా, ఒకే పొయ్యి, ఒకే గిన్నె. ఒకరు డేరా మోస్తే ఇంకొకరు వంట సామాను మోస్తారు. ఒంటరిగా నడిచేవాడు అన్నీ తానే మోయాలి.

మార్లవాయిలో రెండు సమాధులు

తెలుగు నేల మీద అడవుల్లో, కొండల్లో అందరికన్నా ఎక్కువ దూరం కలిసి నడిచి, డేరాల్లో కాపురం చేసిన దంపతులెవరంటే నేను ముందు చెప్పే పేరు హైమన్‌డార్ఫ్ దంపతులది.

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఆస్ట్రియా దేశస్థుడు, మానవశాస్త్రజ్ఞుడు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ బ్రిటిష్ వనిత. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన ఇండియాలో ఉన్నాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. శత్రుదేశపు మనిషి కాబట్టి ఆంక్షలు పడ్డాయి, హైదరాబాద్ సంస్థానంలో ఉండటానికి మాత్రం అనుమతి దొరికింది. ఇంకొకరైతే యుద్ధం ముగిసేదాకా నగరంలో రోజులు లెక్కపెట్టుకునేవారు. వీళ్లిద్దరూ డేరాలు కట్టుకుని అడవిబాట పట్టారు.

మొదట నల్లమలలో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల దగ్గరకు. వాళ్ల పెంటలు, అంటే గూడేలు, మారిన చోటికల్లా నడుస్తూ, గడ్డలు తవ్వడం, తేనె తీయడం దగ్గరుండి చూస్తూ రాసుకున్న పుస్తకం 1943లో వచ్చింది. ఆ తర్వాత గోదావరి పక్కన పాపికొండల్లో కొండరెడ్ల మధ్యకు. ఆ పుస్తకం 1945లో. అటుపైన ఆదిలాబాద్ గోండుల దగ్గరకు. కుమురం భీం 1940లో నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఈయన్ని పంపింది. దంపతులిద్దరూ మార్లవాయి గ్రామంలో గుడిసె వేసుకుని స్థిరపడ్డారు. గోండు పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పడానికి అక్కడే ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గోండుల భూములకు పట్టాలు ఇప్పించడంలో కూడా ఆయన సలహాలు పనిచేశాయి.

బెట్టీ భర్త వెంట ఊరికే తిరిగిన మనిషి కాదు. కొండరెడ్ల మీద, గోండుల మీద వచ్చిన పుస్తకాల్లో ఆమె పేరు కూడా ఉంటుంది. ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడటం ఆమెకే కుదిరింది. ఆ తర్వాత ఈశాన్య కొండల్లో అపతానీల లోయకు, 1950ల్లో నేపాల్‌లో షెర్పాల ఊళ్లకు, రోడ్లు లేని చోట్లకు రోజుల తరబడి ఇద్దరూ నడిచి వెళ్లినవాళ్లే.

1987 జనవరి 11న బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూసింది. ఆమె సమాధి మార్లవాయిలో కట్టారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పోయాడు. పదిహేడేళ్ల తర్వాత, 2012లో, ఆయన చితాభస్మాన్ని తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న చుట్టుపక్కల గూడేల జనం అక్కడ చేరి ఆ ఇద్దరికీ నివాళి అర్పిస్తారు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం వైపు వెళ్తే చూసి రండి.

వంద మంది, పదిహేను నెలలు

డేరా బతుకు మనకు కొత్తేమీ కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కుటుంబంతో, పరివారంతో కాశీకి బయల్దేరాడు. అందరూ కలిసి వంద మంది దాకా. పల్లకీ బోయీలు, సామాను మోసే కూలీలు, డేరాలు. ఆత్మకూరు దగ్గర నల్లమలలోకి దిగి శ్రీశైలం చూసుకుని, హైదరాబాద్, నాగపూర్ మీదుగా కాశీ చేరి, కలకత్తా, పూరీ మీదుగా కోస్తా దారిన తిరిగొచ్చాడు. నెల్లూరు దాటుకుని 1831 సెప్టెంబర్ 3న మద్రాసు చేరేసరికి పదిహేను నెలల పదిహేను రోజులైంది. ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, ఏ వాగు దాటడం కష్టం అన్నీ రాసుకుంటూ వచ్చాడు. అదే ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయింది. తెలుగులో మొదటి యాత్రా గ్రంథం అదే. దూరం నడిచేవాళ్లు నేటికీ రాసుకునే వివరాలు సరిగ్గా ఇవే.

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలూ ఇలాంటి కాశీ నడకలోంచి పుట్టినవే. ప్రతి మజిలీలోనూ తనకు ఒక కథ చెప్పాలన్న ఒప్పందం మీదే గోపకుర్రవాడు మణిసిద్ధుడి వెంట కాశీకి బయల్దేరతాడు. డేరా ముందు కూర్చున్న జంటలకు ఇంతకన్నా మంచి సంప్రదాయం ఏముంటుంది?

పసుపు ఒకరు, కుంకుమ ఒకరు

ట్రెక్కింగ్ అనే మాట తెలియకముందే కొత్త దంపతులు కలిసి ఎక్కిన కొండ తిరుమల. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిన 2,388. మెట్టు మెట్టుకూ వంగి ఆమె పసుపు రాస్తుంటే, వెనకే ఆయన కుంకుమ బొట్టు పెడుతూ ఎక్కే జంటలను ఇప్పటికీ చూస్తాం. నడుము పట్టేసే పని అది. అయినా పైకి వెళ్లేదాకా ఆపరు. అదే కొండల్లో ఏటా ఫాల్గుణ పౌర్ణమికి పాపవినాశనం నుంచి తుంబురు తీర్థానికి అడవిలో నడిచి వెళ్లనిస్తారు. రాళ్ల మీద, నీళ్లలో సాగే దారి. నిజమైన ట్రెక్కింగ్ రుచి చూడాలంటే మన జిల్లావాళ్లకు దగ్గర్లో ఇంతకన్నా మంచి రోజు దొరకదు.

దేవుడు కూడా నడుస్తాడు. అహోబిలంలో సంక్రాంతి మొదలు నలభై రోజులకు పైగా నరసింహస్వామి పల్లకీ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది. తన పెళ్లికి రమ్మని స్వయంగా పిలవడానికట! దాన్నే పారువేట అంటారు. ఆ స్వామి చెంచులక్ష్మిని చేపట్టిన చోటని మన రాపూరు మండలం పెంచలకోనలోనూ చెప్పుకుంటారు.

శిఖరం వదిలేసి భర్తతో దిగిపోయిన నీవెస్

ఇటలీకి చెందిన నీవెస్ మెరోయి, రొమానో బెనెత్ దంపతులు. ప్రపంచంలో ఎనిమిది వేల మీటర్లు దాటిన పర్వతాలు 14. వాటన్నిటినీ ఎక్కిన మొదటి మహిళ ఎవరవుతారన్న పోటీ నడుస్తున్న రోజులవి. 2009 నాటికి నీవెస్ పదకొండు ఎక్కేసింది. ఇద్దరూ కాంచనగంగ మీదున్నారు. ఆఖరి క్యాంపు దగ్గర రొమానోకు అడుగు తీసి అడుగు వేయడం కష్టమైంది. నువ్వు వెళ్లు, నేనిక్కడే ఉంటానన్నాడు. ఆమె వెళ్లలేదు. భర్తను తీసుకుని కిందికి దిగిపోయింది. ఆ దిగడంతో పోటీ కూడా చేజారింది.

ఆయనది మామూలు అలసట కాదని తర్వాత తెలిసింది. ఎముక మజ్జలో రక్తం తయారవడం ఆగిపోయే జబ్బు. రెండుసార్లు మజ్జ మార్పిడి చేయాల్సి వచ్చింది. కోలుకున్నాక ఇద్దరూ మళ్లీ కొండల దారి పట్టారు. 2014లో అదే కాంచనగంగను ఎక్కారు. 2017 మే 11న అన్నపూర్ణ శిఖరంతో 14 పూర్తయ్యాయి. అన్నీ సిలిండర్ ఆక్సిజన్ లేకుండా, మోతగాళ్ల మీద ఆధారపడకుండా. 14 శిఖరాలనూ కలిసి ఎక్కిన మొదటి జంట వాళ్లే. పర్వతారోహణ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది వాళ్లు ఎక్కిన 14 శిఖరాలు కాదు, ఆ ఒక్కరోజు దిగి రావడం.

ఎవరెస్ట్ మీద కలిసి నిలబడ్డ మొదటి దంపతులు స్లొవేనియాకు చెందిన ఆంద్రెయ్, మరియా శ్ట్రెంఫెల్. అది 1990 అక్టోబర్ 7న. ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ కలిసి ఎక్కిన మొదటి దంపతులుగా అమెరికాకు చెందిన ఫిల్, సుసాన్ ఎర్ష్‌లర్ 2002లో పేరు పొందారు.

ఏడు శిఖరాలంటే నెల్లూరువాళ్లకు గుర్తొచ్చేది మల్లి మస్తాన్‌బాబు. సంగం మండలం గాంధీజనసంగం బిడ్డ. 2006 జనవరి 19న అంటార్కిటికాలో మొదలుపెట్టి, జూలై 10న అలాస్కాలో ముగించాడు. 172 రోజుల్లో ఏడు ఖండాల ఏడు శిఖరాలు, అప్పటికి ప్రపంచ రికార్డు. ఇందులో చాలామందికి తెలియని విశేషం ఒకటుంది: ఆ ఏడు శిఖరాలూ వారంలోని ఏడు వేర్వేరు రోజుల్లో ఎక్కాడు. విన్సన్ గురువారం, అకాంకాగువా శుక్రవారం, కిలిమంజారో బుధవారం, కోషుస్కో శనివారం, ఎవరెస్ట్ ఆదివారం, ఎల్‌బ్రస్ మంగళవారం, దెనాలి సోమవారం. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు వదిలిన ఆ మనిషి పేరు మన జిల్లాలో ఒక నడకదారికి పెడితే ఎంత బాగుంటుంది!

సీసాలో ఉత్తరం

మళ్లీ సముద్రం దగ్గరకు వద్దాం. తాబేళ్ల కోసం మన దేశపు తీరాల వెంట నాలుగు వేల కిలోమీటర్లు పైగా నడిచిన మనిషి సతీశ్ భాస్కర్. మద్రాసు ఐఐటీలో చేరి, చదువు కన్నా సముద్రమే ఎక్కువనుకున్నవాడు. 1982 వానాకాలంలో లక్షద్వీప్‌లోని సుహేలి అనే జనం లేని దీవిలో నెలల తరబడి ఒంటరిగా ఉండిపోయాడు. వానాకాలంలో అటు పడవలు పోవు, కబురు పంపే దారి లేదు. భార్యకు ఉత్తరం రాసి, సీసాలో పెట్టి, మూత బిగించి సముద్రంలో వదిలాడు. మూడు వారాలు దాటాక అది శ్రీలంక తీరంలో ఒక జాలరికి దొరికింది. అతను ఆ ఉత్తరాన్ని, తన తరఫున ఇంకో ఉత్తరాన్ని కలిపి ఆమెకు పోస్టు చేశాడు.

సతీశ్ వెతికిన తాబేళ్లలో ఒకటైన ఆలివ్ రిడ్లే మన ఒడ్డుకూ వస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఆడ తాబేలు ఒక్కటే ఇసుక ఎక్కి, గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మగది పిల్లగా సముద్రంలోకి దిగాక మళ్లీ నేల మీదికి రాదు. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి.

ఇసుక మీద నడిచేవాళ్లకు

పొడి ఇసుకలో నడవడానికి గట్టినేల మీద కన్నా రెండింతలకు పైగా శక్తి ఖర్చవుతుంది. అందుకే నీళ్లు వెనక్కి తీసిన పాటు సమయంలో, తడిసి గట్టిపడ్డ అంచున నడవాలి. పున్నమికీ అమావాస్యకూ పోటు ఎక్కువ కాబట్టి ఆ రోజుల్లో డేరా ఇంకాస్త వెనక్కి వేసుకోవాలి.

డేరా మేకులు ఇసుకలో నిలవవు. చిన్న గుడ్డసంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతున పూడ్చేస్తే గాలివానకు కూడా కదలవు. చోటు వెతుక్కునేటప్పుడు తీగలను చూడండి. ఊదారంగు పూలతో నేల మీద పాకే బాలబంద తీగ ఉన్న దిబ్బ దాకా మామూలుగా అలలు రావు. దాని మీద మాత్రం డేరా వేయొద్దు, ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. పక్కనే సూదుల్లాంటి ఆకులతో గుబురుగా ఉండేది రావణాసురుడి మీసం. ఎండిన దాని గింజల ముళ్లబంతి గాలికి ఒడ్డంతా దొర్లుకుంటూ పోతుంటే చూడ్డానికి భలే ఉంటుంది.

సముద్రం పక్కన ఇసుక దిబ్బలో చెలమ తీస్తే మంచినీళ్లు పడటం తీరంలో అందరికీ తెలిసిన సంగతే. వాననీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి దాని మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే, కింద దాదాపు 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. ఎక్కువ తోడినా, పక్కన ఉప్పునీటి గుంటలు వెలిసినా ఆ నీళ్లు మెల్లగా ఉప్పగా మారతాయి. కాబట్టి నీళ్లు వెంట తెచ్చుకోవడమే మంచిది.

కొండదారికి నెయిస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ నడుస్తోంది: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, పైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ ఇంకో గంట. జంటలో నెమ్మదిగా నడిచేవారిని ముందు నడవనివ్వాలి. అప్పుడు ఎవరూ వెనకబడరు.

కోడూరు నుంచి మొదలుపెడదాం

నెల్లూరు జిల్లాకు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. తుపాన్ల కాలమూ అదే. జనవరి ఆఖరు నుంచి మార్చి మొదటి వారం దాకా నడకకు మంచి రోజులు.

పర్యాటక శాఖకు, జిల్లా యంత్రాంగానికి నా విన్నపం ఒక్కటే. కోడూరు నుంచి మైపాడు దాకా తాటిచెట్ల మీద, కరెంటు స్తంభాల మీద తెల్లగీతలు పెట్టించండి. జాలర్లుండే పట్టపుపాళేల్లో రెండు చోట్ల మంచినీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఏర్పాటు చేయండి. డేరా వేసుకోవడానికి తాబేళ్లు గుడ్లు పెట్టని చోటు ఒకటి అటవీశాఖతో కలిసి చూపించండి. రోడ్డు వేయనక్కర్లేదు, కాంక్రీటు పోయనక్కర్లేదు.

అందాకా మీరిద్దరూ ఆగనక్కర్లేదు. తెల్లవారుజామున గొడుగు, నీళ్లు, ఇంత పులిహోర కట్టుకుని కోడూరులో దిగండి. ఎటు వెళ్తున్నారో ఇంట్లోనూ, మెరైన్ పోలీసులకూ చెప్పండి. వాగు సముద్రంలో కలిసే మొగ ఎదురైతే లోతు తెలియకుండా దిగకండి, దగ్గర్లోని పాళెంలో అడగండి. రాత్రి ఒడ్డున తాబేలు కనిపిస్తే టార్చి ఆర్పేసి, అది తిరిగి నీళ్లలోకి వెళ్లేదాకా కదలకుండా కూర్చోండి.